సెక్స్ వర్కర్ల గురించి రాసేటప్పుడు మాటలు ఎలా ఎంచుకోవాలి?

కొన్నేళ్ళ కిందట ఒక ఆరోగ్య కార్యక్రమం కోసం కరపత్రం తెలుగు చేశాను. ఇంగ్లిష్‌లో ‘సెక్స్ వర్కర్స్’ అని ఉన్న ప్రతిచోటా ‘లైంగిక కార్మికులు’ అని రాసి, ఎంతో మర్యాదగా కుదిరిందనుకుని మీటింగ్‌కి పట్టుకెళ్ళాను. ముందు వరుసలో ఒకావిడ కాగితం రెండుసార్లు చదివి, “ఇది ఎవరి గురించండీ? ఫ్యాక్టరీ వాళ్ళ కోసమా?” అని అడిగారు. పక్కనున్న పెద్దావిడ నవ్వి, “మన గురించేలే, గవర్నమెంటు తెలుగు” అన్నారు. ఆ మధ్యాహ్నం నేను నేర్చుకున్నది కరపత్రంలో ఉన్నదానికన్నా ఎక్కువే.

అప్పట్నుంచి ఈ విషయం మీద ఏం రాసినా, ఎవరు రాసింది దిద్దినా ఒక వరుస పాటిస్తున్నాను. విలేకరి అయినా, అనువాదకులైనా, కథ రాస్తున్నా, ఎన్జీవో రిపోర్టు తయారు చేస్తున్నా మీకూ పనికొస్తుంది.

ముందు, ఆ ప్రస్తావన అవసరమా అని చూడండి

ఏ మాట వాడాలా అని తల బద్దలు కొట్టుకునే ముందు, అసలు ఆమె పని గురించి చెప్పాల్సిన సందర్భమేనా అని అడుక్కోండి. రోడ్డు దాటుతుంటే లారీ గుద్దింది. గొలుసు పోయిందని ఫిర్యాదు చేసింది. పిల్లాడిని బడిలో చేర్చడానికి వెళితే ఫారంలో తండ్రి పేరు లేదని తిప్పి పంపారు. మొదటి రెండింటిలో ఆమె ఏం పని చేసుకుని బతుకుతుందన్నది వార్తకు అక్కర్లేదు. మూడోదాంట్లో, ఆ పని వల్లే తిప్పి పంపారని తేలితే కావాలి, లేకపోతే వద్దు.

హత్య వార్తల్లోనే ఎక్కువ తప్పు జరుగుతుంది. 1999లో కోల్‌కతా రెడ్‌లైట్ ఏరియాలో ఒక మహిళను కొట్టి చంపారు. ఆ కేసు, బుద్ధదేవ్ కర్మాస్కర్ కేసు, 2011లో సుప్రీంకోర్టుకు వచ్చినప్పుడు కోర్టు శిక్ష ఖరారు చేసి ఊరుకోలేదు. రాజ్యాంగం 21వ అధికరణం కింద గౌరవంగా బతికే హక్కు సెక్స్ వర్కర్లకూ ఉందని చెప్పి, ఆ కేసునే ప్రజాప్రయోజన వ్యాజ్యంగా మార్చింది. అక్కడ ఆమె పని చెప్పక తప్పదు, ఎందుకంటే తర్వాత జరిగిందంతా దాని గురించే. కానీ మామూలుగా మనం చూసే ‘వేశ్య దారుణ హత్య’ అనే హెడ్డింగ్ వేరు. అది చదివిన మనిషి మనసులో ‘ఓహో, అలాంటిదా’ అనుకుని పేజీ తిప్పేస్తాడు. ‘మహిళ హత్య’ అని పెట్టి, పనికీ హత్యకూ సంబంధం ఉంటే లోపల రాయండి.

ఎవరి గురించి రాస్తున్నారో తేల్చుకోండి

ఇక్కడ తొందరపడకండి. ఒకే మాట అందరికీ సరిపోదు.

పద్దెనిమిదేళ్ళు నిండని అమ్మాయో అబ్బాయో అయితే చర్చే లేదు. ‘బాల వేశ్య’, ‘మైనర్ సెక్స్ వర్కర్’ అని రాయకూడదు. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 పోక్సో చట్టం దృష్టిలో ఆ వయసు వాళ్ళ సమ్మతికి విలువ లేదు. పిల్లల మీద లైంగిక దోపిడీ గురించి ఏ పదాలు వాడాలో చెప్పే లక్సెంబర్గ్ మార్గదర్శకాలు 2016లో వచ్చాయి. అవీ ఈ మాటలు వద్దన్నాయి. ‘లైంగిక దోపిడీకి గురైన బాలిక’ అనండి. పొడుగ్గా ఉందనిపిస్తే ‘బాలిక’ చాలు.

మోసంతోనో బలవంతంతోనో తీసుకొచ్చిన వాళ్ళయితే ‘అక్రమ రవాణా బాధితురాలు’ అన్నది అందరికీ అర్థమయ్యే మాట. బయటపడి నిలదొక్కుకున్నాక చాలామంది ‘బాధితురాలు’ అనిపించుకోవడానికి ఇష్టపడరు, ‘సర్వైవర్’ (తట్టుకుని నిలబడ్డ మనిషి) అంటారు. వాళ్ళు ఏది అంటే అదే రాయండి.

పెద్దవాళ్ళు, తమ నిర్ణయంతో ఈ పని చేస్తున్నవాళ్ళు అయితే ‘సెక్స్ వర్కర్’. పేదరికం ఉన్నప్పుడు అది సొంత నిర్ణయం ఎలా అవుతుందని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. కానీ ఎండలో రాళ్ళు కొట్టే మనిషిని మాత్రం ఎవరూ ఆ ప్రశ్న అడగరు.

ఈ ఇంగ్లిష్ మాట 1970ల చివర్లో పుట్టింది. స్వయంగా ఆ పని చేసిన అమెరికన్ కార్యకర్త కరోల్ లీ దీన్ని వాడుకలోకి తెచ్చారు. ఇది నీతికి సంబంధించిన ముద్ర కాదు, పని అని చెప్పడమే ఆమె ఉద్దేశం. తర్వాత ఎయిడ్స్ నివారణ కార్యక్రమాలు దీన్ని ఊరూరా తిప్పాయి. మరోవైపు, ఇది పనే కాదు, దోపిడీ, దానికి ‘వర్క్’ అని పేరు పెడితే దోపిడీ చేసేవాడికి సర్టిఫికెట్ ఇచ్చినట్టే అనేవాళ్ళు మొదట్నుంచీ ఉన్నారు. ఈ తగువు మన సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2023 ఆగస్టులో కోర్టు జెండర్ మూసమాటల మీద ఒక హ్యాండ్‌బుక్ విడుదల చేసి, ‘ప్రాస్టిట్యూట్’ బదులు ‘సెక్స్ వర్కర్’ వాడమంది. అక్రమ రవాణాకు వ్యతిరేకంగా పనిచేసే సంస్థలు అభ్యంతరం చెప్పాయి. మూడు నెలలు తిరక్కుండానే, నవంబర్లో, ‘అక్రమ రవాణా బాధితురాలు లేదా సర్వైవర్’, ‘డబ్బుకోసం లైంగిక చర్యలో పాల్గొంటున్న మహిళ’, ‘బలవంతంగా లైంగిక దోపిడీలోకి దించిన మహిళ’ వంటి మాటలతో దాన్ని మార్చారు.

నా మటుకు నాకు రెండు పక్షాల మాటలోనూ నిజం కనిపిస్తుంది. తప్పల్లా ఒక పక్షం మాటను అందరికీ అంటగట్టడంలో ఉంది. వివరం తెలియకపోతే ‘మహిళ’ అని రాయండి. రైడ్ జరిగిన సాయంత్రం ఎవరు తమంతట వచ్చారో, ఎవరిని తెచ్చారో అక్కడున్న ఎస్సైకే తెలియదు, డెస్క్‌లో కూర్చున్న మనకెలా తెలుస్తుంది?

తెలుగు మాటలను ఒక్కొక్కటే తూచండి

‘వ్యభిచారం’తో మొదలుపెట్టండి, మన పేపర్లలో ఎక్కువ కనిపించేది అదే. దీనికి రెండర్థాలు. పెళ్ళయిన మనిషి మరొకరితో పెట్టుకునే సంబంధం ఒకటి, డబ్బు తీసుకుని చేసేది ఇంకొకటి. 2018 సెప్టెంబర్ 27న సుప్రీంకోర్టు ఐపీసీ 497వ సెక్షన్ కొట్టేసినప్పుడు ఈ చిక్కు బయటపడింది. ఆ తీర్పు మొదటి అర్థానికి సంబంధించింది. ‘వ్యభిచారం నేరం కాదు’ అని రాస్తే చదివేవాళ్ళకు రెండోది గుర్తొస్తుంది. అందుకని మొదటిదానికి ‘వివాహేతర సంబంధం’, రెండోదానికి ‘సెక్స్ వర్క్’ అని విడివిడిగా రాయడం మేలు. మర్యాద మాట అటుంచండి, ముందు అర్థం సరిగ్గా తెలుస్తుంది.

‘వేశ్య’, ‘వెలయాలు’, ‘వారకాంత’ పాత కావ్యాల్లో హాయిగా ఉంటాయి, ఈనాటి మనిషికి వాడొద్దు. వెలయాలు అంటే వెల కట్టిన ఆలు, మాటలోనే ధర చీటీ ఉంది. ‘సాని’ కథ ఇంకో రకం. దొరసానిలో, మంత్రసానిలో ఉన్న సానే ఇక్కడా ఉంది. అక్కడ గౌరవం, ఇక్కడ తిట్టు. మాట అదే, మనుషులే దాన్ని కిందకి దించారు.

‘భోగం’, ‘కళావంతులు’ అన్నవి కులాన్ని చెప్పే మాటలు. తరతరాలు ఆటపాటలు నేర్చి బతికిన కుటుంబాల వారసులు ఇవాళ టీచర్లు, డాక్టర్లు. ఆ మాటను సెక్స్ వర్క్‌కి పర్యాయపదంగా వాడితే వాళ్ళందర్నీ కలిపి తిట్టినట్టు. ‘జోగిని’, ‘బసివి’, ‘మాతమ్మ’ కూడా అంతే. చిన్నప్పుడే దేవుడి పేరు చెప్పి వదిలేసిన ఆడపిల్లలు వాళ్ళు. 1988లో ఆంధ్రప్రదేశ్ చట్టం ఆ ఆచారాన్ని నిషేధించింది. అక్కడ రాయాల్సింది ‘జోగినీ వ్యవస్థ బాధితురాలు’ అని.

‘ఒళ్ళమ్ముకోవడం’ చాలామంది జాలితోనే వాడతారు. ఒక్క క్షణం ఆలోచించండి. అమ్మేస్తే వస్తువు కొన్నవాడిదైపోతుంది. అంటే ఆ గదిలో ఆమె వద్దనడానికి లేదని మన మాటే ఒప్పేసుకుంటోంది. సెక్స్ వర్కర్ తన మీద అత్యాచారం జరిగిందని స్టేషన్‌కి వెళితే ‘నీకేంటమ్మా కొత్తా’ అని వెనక్కి పంపేది ఈ లెక్కతోనే. ‘పడుపు వృత్తి’, ‘చీకటి బతుకులు’, ‘రొంపి’, ‘కూపం’ కూడా ఇందులోకే వస్తాయి. జాలి చూపిస్తూనే బురదలో నిలబెట్టే మాటలు.

‘కమర్షియల్ సెక్స్ వర్కర్’, దాని పొట్టిపేరు ‘సీఎస్‌డబ్ల్యూ’ పాత ప్రాజెక్టు రిపోర్టుల్లో దొరుకుతాయి. వర్కర్ అన్నాక డబ్బు సంగతి అందులోనే ఉంది, మళ్ళీ కమర్షియల్ ఎందుకని ఐక్యరాజ్యసమితి ఎయిడ్స్ విభాగం యూఎన్‌ఎయిడ్స్ పరిభాషలోంచి తీసేశారు. మీరూ తీసేయండి. ‘ఎఫ్‌ఎస్‌డబ్ల్యూ’ (ఫిమేల్ సెక్స్ వర్కర్), ‘హై రిస్క్ గ్రూప్’ లాంటివి ఆఫీసు పట్టికల వరకే.

ఇక నా ‘లైంగిక కార్మికులు’. తప్పు మాట కాదు, సిద్ధాంత వ్యాసాల్లో చెల్లుతుంది. జనానికి చేరాల్సిన చోట మాత్రం ‘సెక్స్ వర్కర్’ అనే రాయండి, ఆ మాట తెలియని వాళ్ళు లేరు. వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకునేటప్పుడు అదీ ఉండదు. ‘పనికెళ్తున్నా’ అంతే. ఆ మీటింగ్ తర్వాత మేము కరపత్రం మొత్తంలో రెండుచోట్ల తప్ప ఆ పదం లేకుండా చేశాం, ‘మీరు’ అని రాస్తే సరిపోయింది.

వాళ్ళే పాత మాటను ఏరికోరి పెట్టుకుంటే? మహారాష్ట్రలోని సాంగ్లీలో సెక్స్ వర్కర్లు 1990ల్లో పెట్టుకున్న సంఘం పేరు ‘వేశ్యా అన్యాయ్ ముక్తి పరిషత్’. మీరు తిట్టుగా వాడిన మాటనే మా బోర్డు మీద రాసుకుంటాం అన్నట్టు. ఆ సంఘం పేరు రాసేటప్పుడు ఉన్నదున్నట్టు రాయాలి. అలాగని ఆ మాట వాడే హక్కు మనకు వచ్చిందనుకోవద్దు. ఇంట్లో వాళ్ళు ముద్దుపేరుతో పిలుచుకుంటే దారినపోయేవాళ్ళు పిలవరు కదా.

నామవాచకం మార్చి ఆగిపోకండి, క్రియ చూడండి

నా అనుభవంలో అందరూ జారేది ఇక్కడే. ‘సెక్స్ వర్కర్’ అని శుభ్రంగా రాస్తారు, తర్వాత వాక్యంలో దొరికిపోతారు. ఒక రిపోర్టులో వరుసగా ఇలా ఉంది: ‘ఎస్సై వివరించారు. లాడ్జి యజమాని తనకు తెలియదన్నారు. ఆమె మాత్రం ఏడుస్తూ చెప్పింది.’ ఎస్సైకి ‘రు’, లాడ్జి యజమానికీ ‘రు’, ఆమెకు ‘ది’. ఇంగ్లిష్‌లో ఈ గొడవ లేదు. తెలుగులో క్రియ చివరి అక్షరమే మనిషిని ఏ అరుగు మీద కూర్చోబెట్టామో చెప్పేస్తుంది. మిగతావాళ్ళకు ‘చెప్పారు’ అయితే ఆమెకూ ‘చెప్పారు’. మీ శైలి అందరికీ ఏకవచనమే అయితే ఎస్సైకీ ‘చెప్పాడు’ అనే రాయండి, అప్పుడు పేచీ లేదు. (ఎస్సై ఫోన్ చేస్తారు. చేయనివ్వండి.)

సర్వనామాలూ అంతే. ‘అది’, ‘దాని’ ఎవరూ అచ్చులో రాయరు కానీ పోలీసులు కెమెరా ముందు చెప్పింది (బైట్) టైప్ చేసేటప్పుడు దొర్లుతుంటాయి. ట్రాన్స్ మహిళల విషయంలో మరీ జాగ్రత్త. వాళ్ళు ‘ఆమె’ అని చెప్పుకుంటుంటే ‘అతడు’ అని రాయొద్దు. మగ సెక్స్ వర్కర్లు కూడా ఉన్నారు కాబట్టి ‘సెక్స్ వర్కర్లైన మహిళలు’ అన్నది అందరి గురించీ చెప్పే చోట సరిపోదు.

‘పట్టుబడ్డారు’, ‘దొరికిపోయారు’ దొంగలకు వాడే క్రియలు. ‘దిగజారింది’, ‘పాల్పడింది’ తీర్పులు. ఇంగ్లిష్‌లో ‘ప్రాస్టిట్యూటెడ్ విమెన్’ అన్నదాన్ని ‘వ్యభిచారంలోకి నెట్టబడిన స్త్రీలు’ అని తెలుగు చేస్తుంటారు. ‘నెట్టబడిన’ అనేసరికి నెట్టినవాడు వాక్యంలోంచి తప్పించుకుంటాడు. ‘బంధువు తీసుకొచ్చి అమ్మేశాడు’ అని రాయండి, తెలిస్తే.

రైడ్ వార్తను ఇలా తిరగరాయండి

నమూనాకి ఒకటి తీసుకుందాం. ‘గుట్టుగా సాగుతున్న హైటెక్ వ్యభిచారం గుట్టు రట్టయింది. పోలీసులు లాడ్జిపై దాడి చేయగా ముగ్గురు యువతులు, ఇద్దరు విటులు రెడ్‌హ్యాండెడ్‌గా పట్టుబడ్డారు. యువతులను రక్షించి హోమ్‌కు తరలించారు.’

చదువుతూ కొట్టేయండి. హైటెక్ అంటే ఇక్కడ వాట్సాప్ వాడారని మాత్రమే, కాబట్టి పోతుంది. ‘యువతులు’ అన్నది వయసు చెప్పడానికి కాదు, చదివేవాడి ఊహకు. ‘మహిళలు’. ‘విటుడు’ సంస్కృత నాటకాల్లో కళలు తెలిసిన సరసుడి పాత్ర. ఆమెకేమో వ్యభిచారం, అతనికేమో నాటక పాత్రా? ‘కస్టమర్’ అని రాస్తే సరిపోతుంది. ముగ్గురు పట్టుబడి, మళ్ళీ ఆ ముగ్గుర్నే రక్షించడం ఎలా కుదురుతుందో కూడా అడగండి. ఒక వాక్యంలో నేరస్థులు, తర్వాత వాక్యంలో బాధితులు.

చట్టం ఏం చెబుతుందో ఇక్కడే అవసరం. మనవాళ్ళు పిటా యాక్ట్ అనేది అక్రమ రవాణాను నిరోధించే 1956 నాటి చట్టం, 1986లో పేరు మారింది. బ్రోతల్ (ఈ పని జరిపించే చోటు) నడపడం, మరొకరు ఈ పని చేసి తెచ్చే సంపాదన మీద బతకడం, కస్టమర్లను బహిరంగంగా పిలవడం అందులో నేరాలు. డబ్బు తీసుకుని సెక్స్‌కి ఒప్పుకోవడం దానికదే నేరమని అందులో లేదు. ‘వ్యభిచారం నేరం కింద అరెస్టు’ అని రాసే ముందు ఏ సెక్షనో అడిగి రాయండి. ‘రక్షించి హోమ్‌కు’ అన్నదీ అనుమానించాల్సిందే. 17వ సెక్షన్ కింద మేజిస్ట్రేట్ ఏడాది నుంచి మూడేళ్ళ దాకా హోమ్‌లో ఉంచమనొచ్చు. ఆమె ఇంటికి వెళ్తానంటున్నా ఉంచితే దాన్ని రక్షణ అనాలో వద్దో మనకు తెలియదు. ‘హోమ్‌కు పంపారు’ అని జరిగింది రాస్తే చాలు.

పోలీసులను వివరాలు అడిగి దిద్దాక: ‘లాడ్జిలో పోలీసులు సోదా చేశారు. బ్రోతల్ నడుపుతున్నారని మేనేజర్‌పై పిటా చట్టం కింద కేసు పెట్టారు. అక్కడున్న ముగ్గురు మహిళలను హోమ్‌కు పంపారు. ఇద్దరు కస్టమర్లను ప్రశ్నించారు.’ మసాలా లేదు, నిజమే. వార్త మాత్రం అంతా ఉంది.

పేరు, ఊరు, ఫొటో వద్దు. ముఖానికి చున్నీ కప్పుకున్న ఫొటో కూడా వద్దు, ఆ చున్నీని గుర్తుపట్టే అమ్మ ఒకరుంటారు. 2022 మే 19న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల్లో ఇది ఉంది. దాడి, అరెస్టు, రెస్క్యూ ఏదైనా సరే, బాధితులైనా నిందితులైనా సరే, వాళ్ళెవరో తెలిసేలా ఏదీ బయటపెట్టకూడదు. రెస్క్యూ చూపిస్తున్నామనే వంకతో కస్టమర్లతో ఉన్న దృశ్యాలు ప్రసారం చేస్తే అది వాయరిజం (ఇతరుల ఏకాంతాన్ని చూడడం, చూపించడం) నేరం కిందకి వస్తుంది. పోలీసులు వాళ్ళను మాటతో గానీ చేత్తో గానీ హింసించకూడదని కూడా అదే ఉత్తర్వులో ఉంది. మాట కూడా హింసేనని కోర్టు విడిగా చెప్పింది.

ఆమెనే అడగండి

ఇంటర్వ్యూ చేస్తుంటే మొదట్లోనే ‘మీ గురించి ఏమని రాయమంటారు?’ అని అడగండి. సగం మంది ‘అమ్మ అని రాయండి’, ‘సంఘం లీడర్ అని రాయండి’ అంటారు. ‘ఎలా వచ్చారు ఇందులోకి?’ అని మాత్రం మొదలెట్టకండి. ఆ ప్రశ్నకు వాళ్ళ దగ్గర అరిగిపోయిన జవాబు ఒకటి ఉంటుంది, ఎన్జీవోకి, పోలీసులకి, పేపర్‌కి చెప్పీ చెప్పీ. రేషన్ కార్డు, ఇంటి అద్దె, పిల్లల చదువు అడగండి.

ఆమె తన నోటితో ‘నేను వేశ్యనే’ అంటే కోట్‌లో అలాగే ఉంచండి, దిద్దకండి. కోట్ బయట మీ వాక్యంలో మాత్రం మీ మాటే. ఎఫ్ఐఆర్, తీర్పు, పాత సాహిత్యం నుంచి తీసుకున్నప్పుడు కూడా ఇదే పద్ధతి, కొటేషన్ గుర్తులు పెట్టి వదిలేయండి.

చివరగా హెడ్డింగ్, లింకు

లోపల ఎంత జాగ్రత్తగా రాసినా హెడ్డింగ్ వేరేవాళ్ళు పెడతారు. చోటు చాలదు, ‘సెక్స్ వర్కర్’ పొడుగు, ‘వేశ్య’ అయితే పడుతుంది అంటారు. వాదన మొదలయ్యే లోపే రెండు హెడ్డింగ్‌లు మీరే రాసి పంపండి. ‘మహిళ’ మూడక్షరాలు, సింగిల్ కాలమ్‌లో కూడా పడుతుంది.

ఆన్‌లైన్ అయితే ఇంకో పని ఉంది. హెడ్డింగ్ మార్చినా లింకులో పాత మాట ఇంగ్లిష్ అక్షరాల్లో అలాగే ఉండిపోతుంది. షేర్ చేసినప్పుడు వచ్చే చిన్న బొమ్మ మీద, కింద కీవర్డ్‌ల పెట్టెలో కూడా. పబ్లిష్ నొక్కే ముందు ఆ మూడు చోట్లా చూసి మార్పించండి. తర్వాత మార్చినా వాట్సాప్‌లో వెళ్ళిపోయినది వెనక్కి రాదు.